యంత్రము చెడవచ్చును, మనస్సు చెడరాదా?

శరీరమునకు జబ్బు చేసినవానిని చూచి లోకము జాలిపడును. మనస్సునకు జబ్బు చేసినవానిని చూచి నవ్వును. లేదా భయపడి తొలగిపోవును. జ్వరము వచ్చినదని చెప్పుకొనుటకు ఎవ్వరును సిగ్గుపడరు. నెలల తరబడి నిద్రపట్టుట లేదనియు, తెల్లవారినంతనే గుండె బరువెక్కుచున్నదనియు, బ్రతుకుపై రోత పుట్టుచున్నదనియు చెప్పుకొనుటకు కన్నతల్లి యెదుట సైతము నోరు రాదు. ఈ భేదము న్యాయమైనదా యను ప్రశ్నను ఏ వృత్తియందైనను విచారింపవచ్చును. కాని ధైర్యమే మూలధనముగా గల వృత్తియందు విచారించినచో దాని నిజస్వరూపము మఱింత స్పష్టముగా కానవచ్చును. కావున మోటారు పందెములలో కార్లు నడపు చోదకులను ఉదాహరణముగా గైకొందము.

ఈ పందెములలో అగ్రగణ్యమైనది ఫార్ములా వన్. ఆ కార్లు గంటకు 300 కిలోమీటర్లకు పైబడిన వేగముతో పోగలవు. ఒక్కొక్క కారునందు సుమారు 300 సెన్సార్లుండును. చక్రముల వేడి యెంత, బ్రేకుల వేడి యెంత, నూనె యొత్తిడి యెంత అను సంగతులను అవి క్షణక్షణమును ఇంజనీర్లకు తెలుపుచుండును. 2018వ సంవత్సరము మొదలుకొని చోదకుని చేతితొడుగులయందు సైతము ఒక చిన్న సాధనము నమర్చి, అతని నాడిని, రక్తమునందలి ప్రాణవాయువును కొలుచుచున్నారు. కారులో ఎక్కడ చిన్న పగులు కలిగినను దానిని దాచువాడు లేడు. దాచినవాడు ద్రోహి యనిపించుకొనును. కాని ఆ కారును నడపువానికి రాత్రులు నిద్ర పట్టుచున్నదా, అన్నము సహించుచున్నదా, బ్రతుకుపై ప్రీతి యున్నదా యను ప్రశ్నలకు సెన్సారు లేదు. వానిని అతడే నోరు తెఱచి చెప్పవలెను. చెప్పినచో అతని చోటు పోవునేమో! ప్రపంచమంతటికిని అట్టి చోట్లు ఇరువది చిల్లర మాత్రమే. వానికై కాచుకొని యున్నవారు అసంఖ్యాకులు.

ఈ సందర్భమున 1976వ సంవత్సరపు వృత్తాంతము స్మరింపదగినది. ఆ యేడు ఆగస్టు 1వ తేదీన జర్మనీ దేశమందలి నూర్బర్గ్‌రింగ్ మార్గముపై ఆస్ట్రియా దేశీయుడగు నికీ లౌడా కారు మంటలలో చిక్కుకొనెను. అతని ముఖము కాలెను; ఊపిరితిత్తులు విషవాయువుచే చెడెను; ఆసుపత్రిలో మతగురువు వచ్చి అంత్యకర్మ జరిపెను. ఐనను అతడు ఆఱు వారములకే ఇటలీయందలి మోంజాలో మరల పందెమునకు దిగి నాలుగవ స్థానము పొందెను. భయమును జయించితినని అప్పుడు లోకమునకు చెప్పెను. పెక్కేండ్ల పిమ్మట తన ఆత్మకథయందు, ఆ మాట నిజము కాదని తానే వ్రాసికొనెను. అక్టోబరు 24వ తేదీన జపానునందలి ఫ్యూజీలో ఆ సంవత్సరపు తుది పందెము జరిగెను. కుండపోతగా వర్షము, ముందున్న కారు కానరాని స్థితి. లౌడా రెండు చుట్లు తిరిగి కారు నాపి దిగిపోయెను. ఇంజను చెడినదని చెప్పి గౌరవము కాపాడుకొందమని ఫెరారీ జట్టు ఇంజనీరగు మౌరో ఫోర్గియేరి సూచించెను. లౌడా అందుకు సమ్మతింపక, కారణము యంత్రము కాదు, తానే యని స్పష్టముగా చెప్పెను. ప్రపంచ విజేత పదవి జేమ్స్ హంట్‌కు ఒకేయొక్క పాయింటు తేడాతో దక్కెను.

ఆనాడు లౌడాకు కలిగినది వ్యాధి కాదు, వివేకమని వాదింపవచ్చును. నేనును కాదనను. కాని నేను చూపదలచినది ఆ యింజనీరు చేసిన సూచన. అతడు దుర్మార్గుడు కాడు. తన చోదకుని పరువు కాపాడదలచిన హితుడు. ఆ హితుని బుద్ధికి సైతము తోచిన యుపాయ మేమి? ఇనుముపై నింద మోపుట! యంత్రము చెడుట గౌరవభంగము కాదు, మనుష్యుని మనస్సు వెనుదీయుట గౌరవభంగము అను నీతి అతని సొంతము కాదు; అది లోకము అతనికి నేర్పినది. మన యిండ్లలో మాత్రము జరుగుచున్నదేమి? మనోవ్యధతో మంచముపట్టిన కోడలికి నడుము నొప్పి యని చెప్పుదుము. చదువు సాగక గదిలో తలుపు వేసికొన్న కుమారునికి కడుపు బాగుగ లేదని చెప్పుదుము. మనమందఱమును ఇంజను చెడినదని చెప్పువారమే.

ఇటీవల ఈ మౌనము కొంత సడలినది. ఏడు పర్యాయములు ప్రపంచ విజేతయైన లూయిస్ హామిల్టన్, పదుమూడేండ్ల ప్రాయము మొదలుకొని తాను విషాదరోగముతో పెనగులాడితిననియు, చెప్పుకొనుటకు ఎవ్వరును లేకుండిరనియు 2024లో వెల్లడించెను. లాండో నోరిస్ 2019లో తన తొలి సంవత్సరమున తన శక్తిపై తనకే నమ్మకము లేక క్రుంగిపోయితినని పిమ్మట చెప్పెను. అతడే 2024లో తొలి గెలుపును, 2025లో ప్రపంచ విజేత పదవిని పొందెను. ఈ వృత్తాంతములు సంతోషకరములే. కాని యిచట నొక మోసము కలదు. విజేత తన వ్యాధిని చెప్పినచో ధైర్యమని కొనియాడుదుము. అదే మాటను చివరి వరుసలో నున్నవాడు చెప్పినచో ఓటమికి సాకు వెదకుచున్నాడందుము. గెలుపు చూపి క్షమాపణ కొనుక్కొనవలసి వచ్చినంత కాలము అది దయ కాదు, బేరము.

మఱియొక సంగతి. రోగమునకు కారణము రోగియందే వెదకుట మన యలవాటు. వాల్టెరి బొటాస్ అను చోదకుడు 2014 ప్రాంతమున బరువు తగ్గవలెనని ఆహారము మాని, శరీరమును మనస్సును కూడ పాడుచేసికొంటినని తరువాత బహిరంగముగా చెప్పెను. అది అతని బలహీనతయేనా? అప్పటి నియమము ప్రకారము కారు బరువు, మనిషి బరువు కలిపి లెక్కించుచుండిరి. మనిషి ఎంత తేలికయైన జట్టునకు అంత లాభము. 2019లో నియమము మార్చి, చోదకునికిని అతని ఆసనమునకును కలిపి కనీసము 80 కిలోగ్రాములు ప్రత్యేకముగా నిర్ణయించిరి. పస్తులుండుటవలని లాభము చాలవఱకు పోయెను. ఉపదేశములు చేయలేని మేలు ఒక్క నియమము చేసెను.

ఇక నొక బలమైన ఆక్షేపణ కలదు. చోదకుని మనస్సు చలించినచో అతని ప్రాణమే కాదు, ప్రక్కవాని ప్రాణమును పోవును. కావున మనోవ్యాధి గలవానిని పందెమునకు రానీయరాదు అందురు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. వ్యాధి తీవ్రముగా నున్ననాడు అతడు కారెక్కరాదు. మత్తు కలిగించు మందు తీసికొన్ననాడును ఎక్కరాదు. కాని చేయి విఱిగినవానికిని ఇదే నియమము గదా! 2020 నవంబరు 29వ తేదీన బహ్రెయిన్‌లో రొమైన్ గ్రోజాన్ 28 సెకండ్లు మంటలలో నుండి బయటపడెను. చేతులు కాలినందున తక్కిన రెండు పందెములను మానెను. మఱుసటి యేడు అమెరికాలో మరల కారు నడపెను. అతడు అంతకు పెక్కేండ్ల ముందునుండియు మనస్తత్వ నిపుణుల సాయము పొందుచున్నవాడే. చేతులకొక న్యాయము, మనస్సుకొక న్యాయము ఏల? మందుల విషయమునను ఇదియే క్రమము. ఏకాగ్రతాలోపమునకు వాడు ఉత్తేజక ఔషధములు పందెముల వేళ నిషిద్ధములు. ఐనను వైద్యుని పత్రముతో ముందుగా అనుమతి కోరుటకు వీలున్నది. విషాదరోగమునకు సామాన్యముగా నిచ్చు ఫ్లుయాక్సిటిన్ వంటివి నిషిద్ధములే కావు. నియమము తలుపు తెఱచియే యున్నది. మూసినది లోకుల నోరు. నిజము చెప్పినవాని చోటు పోవుననినచో ఎవ్వరును చెప్పరు. దాచిన రోగముతో కారెక్కుదురు. అప్పుడు ప్రక్కవాని ప్రాణమునకు ముప్పు హెచ్చునే కాని తగ్గదు.

విరాటపర్వమునందలి ఉత్తరకుమారుని తలచి మనము నేటికిని నవ్వుదుము. నవ్వదగినది అంతఃపురమున అతడు పలికిన ప్రగల్భములు. కౌరవసేనను చూచి కలిగిన వణకు కాదు. పాఱిపోవుచున్న యతనిని అర్జునుడు పట్టుకొని, ఊఱడించి, అతని చేతికే పగ్గములిచ్చెను. ఆ భీతుడే ఆనాడు అర్జునుని రథమును తోలెను. కథలో ఈ భాగమును మాత్రము మనము మఱచితిమి.

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదునందు హుస్సేన్‌సాగరు తీరమున విద్యుత్కార్ల ప్రపంచ పందెము జరిగినప్పుడు తెలుగువారు వేలుగా పోయి చూచిరి. ఆ నగరముననే ఎఱ్ఱగడ్డలో మానసిక చికిత్సాలయమున్నది. పందెపు చోదకుల ధైర్యమును మెచ్చుకొను మన నోటనే ఎఱ్ఱగడ్డ యను పేరు తిట్టుగా వెడలుచున్నది. ప్రాణము కాపాడు స్థలము పేరును హాస్యము చేసిన జాతి, అచ్చటికి పోవలసినవాడు పోలేదని చింతించి ఫలమేమి? మన దేశమున 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, చికిత్సయందు మనోరోగిని శరీరరోగితో సమానముగా చూడవలెనని శాసించుచున్నది. 2022లో నెలకొల్పిన టెలీమానస్ సహాయకేంద్రమునకు 14416 సంఖ్యతో ఫోను చేసినచో తెలుగుననే మాటలాడవచ్చును. ప్రభుత్వము చేయవలసినది ఇంకను కలదు. కాని సంఘము చేయవలసినది మొదలే కాలేదు.

చదువరులారా! పందెపు చోదకులు కొందఱే. లారీలు, బస్సులు నడపువారు మన యూళ్లలో లక్షలు. బండి ఎక్కకముందు చక్రములలో గాలి చూతురు, నూనె చూతురు. ఆ నడపువాడు రాత్రి నిద్రించెనా, అతని మనస్సు కుదురుగా నున్నదా యని అడుగు యజమాని యెవ్వడు? అడిగి, బాగుగ లేదని అతడు చెప్పినచో, కూలి కోయక నాలుగు దినములు విశ్రాంతి యిచ్చి వైద్యునికడకు పంపువాడెవ్వడు? అట్టి యజమానులును, అట్టి తల్లిదండ్రులును మనలో ఉన్ననాడు, ఇంజను చెడినదని అబద్ధమాడవలసిన యక్కఱ ఎవ్వరికిని కలుగదు.