వంతలకు వదిలెయ్

అవనిగడ్డ



పోయిన శనివారం మీ మొగల్రాజపురం గదిలో మూల కుర్చీలో నేను కునుకు తీస్తున్నాననుకున్నారు మీరంతా. కళ్లు మూసుకున్నానేగాని చెవులు మూసుకోలేదు. బిరియానీ పొట్లాలు పక్కకు నెట్టి, ఇరవై ముఖాల పాచిక దొర్లించుకుంటూ నీ స్నేహితులు నలుగురూ హాయిగా ఉన్నారు. నువ్వేమో ముసలి రాజువీ నువ్వే, కాపలావాడివీ నువ్వే, పూటకూళ్లమ్మవీ నువ్వే. ఒక గొంతులోంచి ఇంకో గొంతులోకి దూకుతూ చెమటలు కక్కావు. వాళ్లు కోట వదిలేసి ఊరి బావిలోకి దిగుతామన్నప్పుడు నీ మొహం చూశాను. నాలుగు రాత్రులు కూర్చుని రాసుకున్న కోటాయె! అందరూ వెళ్లాక “ఇక నావల్ల కాదు తాతయ్యా, మానేస్తా” అన్నావు. అప్పటికి ఊరుకున్నాను. బస్సెక్కినప్పటినుంచీ అదే తలపు.

పాత్రలు వేసుకుని కథ నడుపుకునే మీ ఆట గురించి నువ్వు చెప్పిందే నాకు తెలుసు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అని ఇద్దరు తెచ్చారనీ, కథ నడిపేవాణ్ణి డంజన్ మాస్టర్ అంటారనీ. పేరు నాకు కొత్తది, నొప్పి పాతదే. ఇరవై ఏళ్లు బుర్రకథ చెప్పినవాణ్ణి.

బుర్రకథకు ముగ్గురెందుకో ఎప్పుడైనా అడిగావా? నడుమ కథకుడు. భుజాన తంబురా, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. అటూ ఇటూ డక్కీలతో వంతలు. ఒకడిది రాజకీయం, ఒకడిది హాస్యం. వంతలంటే పక్కన అలంకారమనుకుంటారు జనం. కాదురా, వాళ్లు కథకుడి ఊపిరి. వాళ్లు తందాన అన్నంతసేపే వాడు గాలి పీల్చుకునేది, తర్వాతి చరణం తలకు తెచ్చుకునేది. పొన్నెకల్లు షేక్ నాజర్ గారు ప్రజానాట్యమండలి రోజుల్లో ఊరూరా కథ చెప్పి, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. అంత గొంతున్న మనిషి కూడా వంతలు లేకుండా నిలబడలేదు.

నేను నిలబడదామనుకున్నాను. దివిసీమ ఉప్పెనకు ముందు ఏడు, 1976 శివరాత్రి తిరనాళ్లు. వరసగా పదకొండో రాత్రి. చప్పట్లన్నీ వంతలకు పోతున్నాయని నాకు కడుపుమంట. వాళ్ల మాటలన్నీ కోసేశాను. పల్నాటి బాలచంద్రుడు యుద్ధానికి పోతూ తల్లి దగ్గర సెలవు తీసుకునే ఘట్టం. తల్లి పేరు గుర్తు రాలేదు. ఐతాంబ! నిద్రలో లేపినా చెప్పే పేరు. పెట్రోమాక్స్ లైటు కింద నోరు తెరిచి అలాగే నిలబడ్డాను. హాస్యం వంత డక్కీ మీద ఒక్క దెబ్బ వేసి, “ఇంతకీ ఆ తల్లి కొడుక్కి దారిబత్తెం ఏం కట్టిందయ్యా?” అన్నాడు. ముందు వరస ఆడాళ్లు అందుకున్నారు. పులిహోర అని ఒకామె, చలిమిడి అని ఇంకొకామె, కాదు సజ్జబూరెలని వెనకనుంచి ఓ ముసలమ్మ. పది నిమిషాలు. ఆలోగా నేను పక్కకు తిరిగి మిరియాల కషాయం తాగాను, పేరు దొరికింది. తెల్లారి ఊళ్లో చెప్పుకున్నది నా వీరరసం కాదు, ఆ దారిబత్తెం. మూడు రోజులు వాడితో మాట్లాడలేదు నేను. సిగ్గు అలా ఉంటుంది మరి.

నీదీ అదే అవస్థ. మొన్న మీ ఆటలో పూటకూళ్లమ్మ పేరేమిటని నీ స్నేహితుల్లో ఆ కళ్లద్దాల పిల్ల అడిగితే నువ్వు కాగితాలు తిరగేశావు. ఆ పిల్లనే అడగవేం? తను పెట్టిన పేరు తను మర్చిపోదు. కోట సంగతంటావా, అదెక్కడికీ పోలేదు. బావి అడుగున సొరంగం తవ్వించి కోట వంటింట్లో తేల్చు. నువ్వు రాసింది వాళ్లు చూశారా ఏమన్నా? ఒక్క పల్నాటి యుద్ధాన్నే మేం ఏళ్లతరబడి ఊరికో తీరున చెప్పాం. వారానికో కొత్త రాజ్యం కట్టమని నీకెవరు చెప్పారు?

మానేస్తానన్నావే, ఆ మాట నాకు నచ్చలేదు. కొన్నాళ్లు ఆపుతానంటే సంతోషించేవాణ్ణి. మీ ఊరి నడుమ పారే బందరు కాలువ చూడు. డెల్టాకు నీళ్లిచ్చే కాలువకే వేసవిలో సెలవుంది. ఫలానా తేదీకి కట్టేస్తామని ముందే చెబుతారు, ఊళ్లవాళ్లు మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. ఆ తర్వాతే పూడిక తీయడం, గుర్రపుడెక్క లాగేయడం, లాకుల మరమ్మతు. ఖరీఫ్‌కు మళ్లీ వదులుతారని తెలుసు గనక ఎవరూ గోల పెట్టరు. నువ్వేమో రెండు వారాలు లేని జ్వరం చెప్పి తప్పించుకున్నావు, మూడో వారం వాళ్ల మీద విసుక్కున్నావు. తేదీ చెప్పి కట్టెయ్, తేదీ చెప్పి వదులు.

ఈలోగా ఆ కళ్లద్దాల పిల్లను కథ నడపమని, నువ్వు వంతగా కూర్చో. కథకుడిగా ఉన్నన్నాళ్లూ నేను వంత కూర్చోలేదు, చిన్నతనమనుకున్నాను. గొంతు పోయాకగానీ తెలియలేదు, ఒకళ్లు చెబుతుంటే ఊకొట్టడంలో ఎంత సుఖముందో.

దసరాకు అమ్మవారి దర్శనానికి నేనూ మీ నానమ్మా వస్తున్నాం. ఆ శనివారం పూటకూళ్లమ్మ వేషం నాకుంచు. పేరు మాత్రం ఐతాంబ అని పెట్టకు, మళ్లీ మర్చిపోతాను.

మీ తాతయ్య