ఒగ్గేయొచ్చు కదా

మా వైపు మాటలో ఒగ్గేయడమంటే వదిలేయడమే. అయినా వదిలేయడంలో లేని బరువొకటి ఆ మాటలో ఉంది. పలుపు వదిలితే ఎద్దును మళ్లీ పట్టుకోవచ్చు. ఒగ్గేశామంటే ఇక వెనక్కి చూడమని. పోయిన శివరాత్రికి మా ఊరు శ్రీముఖలింగం వెళ్లినప్పుడు, రాత్రి అన్నాల దగ్గర నాన్న ఆ మాటే అన్నాడు.

"ఓడిపోతన్నన్నాళ్లూ ఎల్లావు, సరే. ఇప్పుడా జట్టే ఊరొగ్గేసి పోనాదంటన్నావు. ఇంకా ఆ పసుపు చొక్కా ఏటికిరా? ఒగ్గేయొచ్చు కదా."

నాన్నకు ఫుట్‌బాల్ తెలియదు. శ్రీకాకుళం జిల్లాలో ఆటంటే కబడ్డీ, లేదా ఆమదాలవలస వైపు బరువులెత్తడం. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచిన రోజును ఆయన ఇప్పటికీ చెబుతాడు. బంతిని కాలితో తన్నుకుంటూ తొంభై నిమిషాలు పరుగెత్తి చివరికి సున్నా సున్నాగా ముగించుకునే ఆట మీద కొడుకు ఇన్నేళ్లు ఎందుకు పడి ఉన్నాడో ఆయనకు అర్థం కాలేదు. ఆ రాత్రి నా దగ్గర సరైన జవాబు లేదు. ఇది ఆ జవాబు కోసం రాస్తున్నది.

ఉద్యోగం కోసం హైదరాబాద్ చేరిన నాలాంటి వాడికి ఆ నగరంలో నాది అనుకోదగ్గదేదీ మొదట్లో లేదు. అద్దె గది, ఆఫీసు, వాటి మధ్య బస్సు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. పుణెలో మూతపడిన క్లబ్బు స్థానంలో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చిన జట్టది. ఆ నవంబరు 2న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో సొంతగడ్డ మీద తొలి ఆట, కేరళ బ్లాస్టర్స్ మీద. మాలాగే పసుపు చొక్కాల్లో వచ్చిన కేరళ అభిమానుల గొంతు ముందు మా గొంతు చిన్నది. మార్సెలీనో కొట్టిన ఫ్రీకిక్ గోడ దాటి లోపలికి వెళ్లినప్పుడు, పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషి నన్ను కావలించుకున్నాడు. 2-1తో గెలిచాం. ఆ నగరంలో "మనం" అనే మాట నేను మొదటిసారి వాడింది ఆ రాత్రే.

ఆ తర్వాత ఓటములు. పద్దెనిమిది ఆటల్లో రెండే గెలుపులు, పట్టికలో అట్టడుగు. మరుసటి రెండు సీజన్లు కరోనా వల్ల లీగంతా గోవాలోనే జరిగింది. అంటే, నగరం చూడకుండానే జట్టు ఎదిగింది. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్. మళ్లీ కేరళే. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో మా గోలీ కట్టిమణి మూడు ఆపాడు. నేను గదిలో ఫోను తెర మీద చూశాను. మేం ఛాంపియన్లం. కిటికీ తెరిస్తే వీధిలో ఒక్క టపాకాయ కూడా మోగలేదు. ఆ కప్పు గెలిచిన సీజన్‌లో ఒక్క ఆట కూడా హైదరాబాద్ గడ్డ మీద జరగలేదన్న సంగతి ఇప్పటికీ నన్ను కలచివేస్తుంది. తర్వాతి ఏడు జట్టు ఇంటికొచ్చి రెండో స్థానంలో నిలిచింది. ఆ ఒక్క ఏడాదే మాకు దక్కిన పండగ.

నేను చెప్పదలచింది మాత్రం 2023-24 గురించి. డబ్బు కష్టాలు, జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం. శిక్షకుడు మనోలో మార్కెజ్ అప్పటికే గోవా జట్టుకు వెళ్లిపోయాడు. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోతుంటే బ్రెజిల్ వాడు జావో విక్టర్ మాత్రం ఉండిపోయాడు. అతని చుట్టూ అకాడమీ నుంచి నిన్న మొన్న వచ్చిన కుర్రాళ్లు. ఇరవై రెండు ఆటల్లో ఒకే ఒక్క గెలుపు, అదీ చెన్నైలో. ఐదు డ్రాలు, పదహారు ఓటములు, ఎనిమిది పాయింట్లు. ఆ అంకెలు నాకు పద్దుల్లా కాదు, సాయంత్రాల్లా గుర్తున్నాయి. మెట్లు ఎంత ఖాళీగా ఉండేవంటే మైదానంలో ఒకడు ఇంకొకణ్ణి పిలిచే కేక పైదాకా వినిపించేది. బంతి తగిలినప్పటి చప్పుడు వినిపించేది. నిండిన స్టేడియంలో అవి వినపడవు.

అభిమానం ఆశతో నిలబడుతుందంటారు. నా అనుభవం అది కాదు. జనవరి వచ్చేసరికి ఏ ఆశా లేదు. గెలవరని తెలిసే బస్సెక్కేవాణ్ణి. జాలి కూడా కాదు, జాలిపడేవాడు పై మెట్టు మీద నిలబడి చూస్తాడు. మరేమిటని ఆలోచిస్తే ఒక దృశ్యం గుర్తొస్తుంది. మూడు గోల్స్ వెనకబడ్డ ఆటలో, ఇక పది నిమిషాలే మిగిలినప్పుడు, ఇరవై ఏళ్లు కూడా నిండాయో లేదో, ఒక కుర్రాడు గీత దాటి పోతున్న బంతి కోసం పరుగెత్తి, జారిపడి, ఆపాడు. ఆ బంతిని ఆపడం వల్ల మారేదేమీ లేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను కొట్టాను. ఆ పరుగును ఒకరు చూసి ఉండాలి. ఎవరూ చూడకపోతే అది జరగలేదని కాదు, కానీ ఒంటరిగా జరుగుతుంది. ఆ ఒంటరితనం నేను ఆ నగరంలో ఎరిగినదే.

నాన్న అడిగిన రాత్రి నేను ఎదురు ప్రశ్న వేశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు వంశధార పొంగి మా మళ్లలో ఇసక మేట వేసింది. రెండేళ్లు ఆ ఇసకెత్తడానికే పోయాయి. ఉద్దానంలో కొబ్బరితోటలు నేలకూలిన వాళ్లది ఇంకా పెద్ద దెబ్బ; ఈరోజు పెట్టిన మొక్క కాయ ఇచ్చేసరికి పెట్టిన చెయ్యి ముసలిదవుతుంది. అయినా పెట్టారు. "మరప్పుడు నువ్వు పొలమెందుకు ఒగ్గెయ్యలేదు నాన్నా?" అన్నాను, గెలిచాననుకుంటూ.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని అన్నాడు: "భూమీ, బంతాటా ఒకటేట్రా? భూమి నన్నొగ్గేసి ఎక్కడికీ పోదు."

ఆ మాటకు నాకు నిద్ర పట్టలేదు. నిజమే కదా. భూమికి చేసే చాకిరీ, ముసలి తల్లికి చేసే సేవ, ఇవన్నీ కదలని వాటి పట్ల. క్లబ్బు అలాంటిది కాదు. దానికి యజమాని ఉంటాడు, కాగితాలుంటాయి, అమ్మకం ఉంటుంది. 2024-25లో కొత్త యాజమాన్యం వచ్చినా పదమూడు జట్లలో పన్నెండో స్థానం. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీ వెళ్లిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె నుంచి వచ్చింది ఢిల్లీకి పోయింది. మనకు ఆనందమిచ్చిన రాక పుణె వాళ్లకు ఎలాంటి పోకో 2019లో ఒక్కసారైనా ఆలోచించానా? లేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నాను, వాళ్లకు క్షమాపణ బాకీ ఉన్నట్టుంది.

తెల్లారి గుడికి వెళ్లాను. చక్రతీర్థ స్నానాల జనం ఇంకా రాలేదు. వంశధార ఒడ్డున పొగమంచు, ఏటి అవతల గట్టు కనిపించడం లేదు. మధుకేశ్వరాలయంలో చిన్నప్పటినుంచి తిరిగినా ఆ స్తంభాల మీది శాసనాలను ఎన్నడూ ఆగి చూసినవాణ్ణి కాదు. వాటిలో చాలా వాటి సంగతి ఒకటే: ఫలానా మనిషి దేవుడి ముందు అఖండదీపం వెలగడానికి ఇంత ఇచ్చాడు, అది ఆచంద్రార్కం సాగాలి. దాత పేరు ఉంటుంది, ఇచ్చింది ఎంతో ఉంటుంది. ప్రతిఫలంగా గెలుపు వచ్చిందో లేదో ఉండదు.

ఈ ఊరే ఒకప్పటి కళింగనగరమని చరిత్రకారులు చెబుతారు, తూర్పు గాంగుల రాజధాని. 1078లో పట్టానికొచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడు రాజ్యం ఉత్తరానికి పెరిగాక రాజధానిని కటకానికి మార్చాడు. పూరీలో జగన్నాథాలయం కట్టడం మొదలుపెట్టినదీ ఆయనే. కొలువు పోయింది, సైన్యం పోయింది, పన్నులు తెచ్చే బళ్లు పోయాయి. పెద్ద ఊరు మెల్లగా పల్లెటూరైంది. కొలువు కదిలిన మర్నాడు తెల్లారి ఈ గర్భగుడిలో ఎవరో ఒకరు చమురు పోసి ఉంటారు కదా. రాజు పోయాక పోసిన ఆ మొదటి చమురు గురించి ఏ శాసనమూ లేదు. నాకు కావలసిన మనిషి అతడే.

అయితే ఇక్కడ నన్ను నేను నమ్మించుకోకూడదు. దేవుడు కదలలేదు, క్లబ్బు కదిలింది. ముఖలింగం వాళ్లకు మిగిలిన రాతి గుడి నాకు మిగల్లేదు. గచ్చిబౌలిలో ఖాళీ మెట్లు మిగిలాయి. మరి ఇన్నేళ్లు నేను దేనికి కట్టుబడ్డాను?

ఇదే వంశధార దిగువన శాలిహుండం కొండ మీద బౌద్ధులు ఉండేవారు. మిలిందుడనే రాజును భిక్షువు నాగసేనుడు అడిగిన ప్రశ్న వాళ్లకు తెలిసే ఉంటుంది: నువ్వెక్కి వచ్చిన రథం చక్రాలా, ఇరుసా, కాడా? ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే రథమెక్కడుంది? నా క్లబ్బునూ అలాగే విప్పి చూశాను. ఆటగాళ్లు ఆరేళ్లలో అందరూ మారారు. శిక్షకులు మారారు, యజమానులు మారారు. చివరికి పేరు మారింది, ఊరు మారింది. వీటిలో ఏదీ కాకపోతే నేను ప్రేమించిందేదీ లేదా? నాగసేనుడు రథం లేదనలేదు. ఆ భాగాలన్నీ కూడినప్పుడు పెట్టుకున్న పిలుపు రథమన్నాడు. ఆ కూడికలో మెట్ల మీద కూర్చున్నవాళ్లు కూడా ఒక భాగమే అని నా వాదన. చూసేవాళ్లను లెక్కలోకి తీసుకోని మనిషే క్లబ్బును కట్టగట్టి ఇంకో ఊరికి పంపగలడు.

దూరదేశంలో ఈ వాదనను చేసి చూపించినవాళ్లున్నారు. లండన్‌లో వింబుల్డన్ అంటే మనకు టెన్నిసే తెలుసు. అక్కడొక ఫుట్‌బాల్ క్లబ్బుండేది, 1988లో లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్‌ఏ కప్పు గెలిచింది. 2002లో ఆ క్లబ్బును దూరంగా మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి వచ్చింది. అభిమానులు కొన్ని వారాల్లోనే కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. ఊరి ఉమ్మడి మైదానంలో ఎవరొస్తే వాళ్లను పరీక్షించి ఆటగాళ్లను ఎంచుకున్నారు. మొదటి స్నేహపూర్వక ఆటలో 4-0తో ఓడిపోయారు, అయినా వేలమంది వచ్చారు. తొమ్మిదో అంచె లీగ్‌లో మొదలుపెట్టారు. 2011కి మళ్లీ పెద్ద లీగుల వ్యవస్థలోకి చేరారు. 2020లో ప్లౌ లేన్‌కు, తమ పాత మైదానం ఉన్న వీధికే, తిరిగొచ్చారు. ఈ కథలో నాకు నచ్చేది తిరిగి రావడం కాదు. తొమ్మిదో అంచెలో చిన్న ఊళ్ల మైదానాల చుట్టూ నిలబడ్డ ఆ మొదటి సంవత్సరం. తామే క్లబ్బన్న సంగతి వాళ్లకు అప్పుడే తెలిసింది.

మేం అలా చేయలేదు. చేసేంత మందిమి కాము. మాలో కొందరు ఢిల్లీ జట్టును ఫోనులో చూస్తున్నారు, పాత కుర్రాళ్ల కోసం. వాళ్లను తప్పుపట్టలేను. కొందరు ఆటే మానేశారు. ఆఫీసులో ఒక స్నేహితుడు, "శ్రీనిధి దక్కన్ ఉంది కదా" అన్నాడు. ఉంది. విశాఖపట్నం పేరు మీద ఐ-లీగ్‌లోకి ప్రవేశం పొంది, హైదరాబాద్ శివారులో అజీజ్‌నగర్ దగ్గర దక్కన్ అరీనాలో ఆడుతున్న జట్టది. మా తీరం పేరుతో మొదలైనదీ ఇక్కడికే వచ్చింది. రెండో అంచె లీగ్. వరసగా రెండేళ్లు రెండో స్థానంలో ఆగిపోయింది. ఒకప్పుడు శిక్షకుడు రహీమ్ సాబ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన నగరంలో, ఇప్పుడు రెండో అంచె ఆటకు వచ్చే మనుషులు తక్కువ.

ఒగ్గేసిన చోటినుంచి లేచి వెళ్లి ఇంకో చోట కూర్చోవడం విధేయతా, ద్రోహమా? కటకానికి వెళ్లకుండా గుడిలో చమురు పోసిన ఆ మనిషి కొడుకు ఎక్కడికైనా వలస పోయి ఉంటే, అక్కడ ఏ గుడిలోనో సాయంత్రం దీపం కొండెక్కబోతుంటే చూస్తూ ఊరుకునేవాడు కాదనుకుంటాను. చమురు పోయడం అలవాటైన చెయ్యి అది.

ఊరినుంచి బయల్దేరే ముందు నాన్న బస్సు దాకా వచ్చాడు. ఆ రాత్రి మాట మళ్లీ ఎత్తలేదు. బస్సు కదిలేముందు, "నువ్వొగ్గేస్తే ఆలకేటి పోతాది?" అని అడిగాడు, వాదనకు కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"ఆలకేటీ పోదు నాన్నా," అన్నాను.

ఆయన తలాడించి, నా సంచీ సరిగ్గా పెట్టాడు.

హైదరాబాద్ వచ్చిన తర్వాత ఒక సెలవు రోజున మెహదీపట్నంలో బస్సు మారి అజీజ్‌నగర్ వెళ్లాను. పసుపు చొక్కా వేసుకోలేదు, సంచిలో పెట్టుకున్నాను. గేటు దగ్గర కుర్రాడు ఎవరి తరఫున వచ్చారని అడిగాడు. ఇంకా తెలియదన్నాను. ఎండ పడని వైపు పై మెట్టు చూపించాడు. వెళ్లి కూర్చున్నాను. ఆట అప్పటికే మొదలైంది, కింద ఒకడు ఇంకొకణ్ణి పేరు పెట్టి పిలుస్తున్న కేక పైదాకా వినిపిస్తోంది.