మూసిన అంగడికి లోకము పడిన ఋణము

లోకరక్షణార్థము ఒకని జీవనోపాధిని నిలిపివేయవలసి వచ్చినప్పుడు, ఆ నిలుపుదల వలన ప్రాణములు దక్కించుకొన్న లోకము తరువాత వాని చేతిలో పెట్టు సొమ్మును దానమనవలెనా, ఋణవిమోచనమనవలెనా? పైకి ఇది కోశాగారమునకు, బ్యాంకులకు, ప్రభుత్వోత్తరువులకు సంబంధించిన లెక్కవలె కానవచ్చును గాని, నిదానించి చూచినచో ధర్మమీమాంసకు చెందిన ప్రశ్నయే. దానమైనచో ఇచ్చినవాడు పుణ్యాత్ముడు, పుచ్చుకొన్నవాడు కృతజ్ఞతాబద్ధుడు. ఋణమైనచో ఇచ్చువాడు తన బాధ్యతను తీర్చుకొనుచున్నాడే గాని ఔదార్యము చూపుటలేదు. పుచ్చుకొనువాడు తల వంచవలసిన పనియు లేదు. అవే పదివేల రూపాయలు ఏ భావముతో ఇచ్చితిమన్న దానినిబట్టి మనుష్యుని నిలువబెట్టగలవు, కుంగదీయను గలవు.

2020 మార్చి 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి చేసిన ప్రకటనతో, కరోనా మహమ్మారిని అరికట్టుటకై ఆ అర్ధరాత్రినుండి ఇరువదియొక్క దినములపాటు దేశమంతయు స్తంభించినది. మరునాడు తెలుగువారికి శార్వరి నామ సంవత్సరాది. కిరాణా కొట్లకును కూరగాయల బండ్లకును కొన్ని గంటల వెసులుబాటు దొరికినది గాని, క్షౌరశాలలు, దర్జీ కొట్లు, టీ బండ్లు, ఇస్త్రీ బండ్లు, గాజుల దుకాణములు, చెప్పులు కుట్టువారి గొడుగులు ఒక్క రాత్రిలో మూతపడినవి. తిరుమలలో అప్పటికే మార్చి 20 నుండి భక్తుల దర్శనములు నిలిచిపోయియుండెను. జూన్ రెండవ వారమువరకు అవి మరల మొదలుకాలేదు. ఏప్రిల్ 2న భద్రాచలములో సీతారాముల కల్యాణము భక్తజనము లేకయే జరిగినది. స్వామివారి కైంకర్యములకు ఎక్కడను లోపము రాలేదు. అర్చకులు ఏకాంతముగా నిర్వర్తించిరి. కాని గుడి వీథిలో కొబ్బరికాయలు, పూలదండలు, పసుపుకుంకుమలు, దేవుని పటములు, పిల్లల బొమ్మలు అమ్ముకొను కుటుంబములకు ఏకాంతసేవ యనునది లేదు. నవమికిని వేసవి సెలవులకును వచ్చు జనమే వారి సంవత్సరపు పంట. మరుసటి సంవత్సరము మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నము పండ్రెండు గంటలనుండి కర్ఫ్యూయు, తెలంగాణలో ఉదయము ఆరునుండి పది గంటలవరకు మాత్రమే సడలింపుతో నిర్బంధమును వచ్చినప్పుడు, ఆ పంట రెండవసారియు పోయినది.

ఆ నిర్బంధము అధర్మమని నేననను. శ్వాసద్వారా వ్యాపించు వ్యాధి, టీకా అందరికిని అందని కాలము, చాలని ఆసుపత్రి పడకలు—ఇట్టి స్థితిలో మనుష్యులను మనుష్యులనుండి కొంతకాలము ఎడముగా ఉంచుట అహింసాధర్మమునకు అనుగుణమైనదే. కాని ఒక కార్యము ధర్మ్యమైనంతమాత్రమున దాని భారమంతయు కొందరి భుజములపైననే నిలిచిపోవుట ధర్మ్యము కానేరదు. స్వచ్ఛందముగా విడిచినది త్యాగము. ఆజ్ఞచే విడిపించినదానికి త్యాగమని పేరుపెట్టి, పొగడి, అంతటితో చేతులు దులుపుకొనుట న్యాయము కాదు.

ఏటికి వరద వచ్చి ఊరు మునుగునట్లున్నప్పుడు, పెద్దలందరును కూడి ఒక రైతు పొలమువైపు గట్టు తెగగొట్టించి నీటిని అటు మరల్చిరనుకొందము. ఊరు నిలిచినది, వాని చేను ఇసుక మేటవేసినది. కోతల కాలమున ఊరివారు తమ గాదెలనుండి వానికి ధాన్యము కొలిచినచో అది భిక్షమని ఎవరును అనరు. ఆ ధాన్యమునే నాగుకు కొలిచి, వచ్చే పంటకు వడ్డీతో మరల కొలువుమనినచో, అప్పుపడిన ఊరు అప్పిచ్చిన ఊరుగను, రావలసినవాడు బాకీదారుగను మారిపోవుదురు. మహమ్మారి కాలములో చిన్న వర్తకుని విషయమున మనము చేసినది అనేక పర్యాయములు ఈ తారుమారే.

మన వైదిక వాఙ్మయము మనుష్యుని పుట్టుకతోడనే ఋణవంతునిగా భావించినది. తైత్తిరీయ సంహిత దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మూటిని చెప్పగా, శతపథ బ్రాహ్మణము వానికి నాల్గవదిగా మనుష్యఋణమును చేర్చి, ఆశ్రయమొసగుటవలనను అన్నము పెట్టుటవలనను అది తీరునని విధించినది. ఏ మేలును కోరి పొందకముందే, సాటి మనుష్యులమధ్య జీవించుచున్నందుకే పడిన ఋణమిది. ఇక మనము ఆజ్ఞాపించి, వాని నష్టముద్వారా మన ప్రాణములు నిలుపుకొన్నప్పుడు ఆ ఋణము ఎంత పెరిగియుండవలెనో వేరుగా చెప్పవలెనా?

రాజధర్మము ఈ విషయమున మరింత స్పష్టముగా మాట్లాడినది. చోరులు అపహరించిన ధనమును రాజు ప్రజకు తిరిగి ఇవ్వవలసినదేనని యాజ్ఞవల్క్యస్మృతి శాసించినది. రాజు పుచ్చుకొను షడ్భాగము రక్షణకు వేతనము గనుక, రక్షణ తప్పినచోట నష్టము రాజుదేయని దాని అంతరార్థము. దొంగ చేసిన నష్టమునకే రాజు బాధ్యుడైనచో, రాజాజ్ఞయే కలిగించిన నష్టమునకు ఎంత బాధ్యుడు! కౌటిల్యుడు అర్థశాస్త్రము నాల్గవ అధికరణములో అగ్ని, జలప్రళయము, వ్యాధి, దుర్భిక్షము మొదలగు ఉపద్రవములకు ప్రతిక్రియలను వరుసగా చెప్పుచు, దుర్భిక్షమున రాజు విత్తనములను, భోజనసామగ్రిని సమకూర్చి ప్రజలను ఆదుకొనవలెనన్నాడు. అన్నముతోపాటు విత్తనములను కూడ చెప్పుటలోని సూక్ష్మమును మనము గ్రహింపవలెను. అన్నము నేటి ప్రాణమును నిలుపును. విత్తనము రేపటి వృత్తిని నిలుపును. టీ బండివానికి రేషను బియ్యము అన్నమే గాని, పాలకు, చక్కెరకు, గ్యాసుకు కావలసిన పెట్టుబడి వాని విత్తనము.

మన ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట అసత్యమగును. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు అప్పుల వాయిదాలకు మూడు నెలల గడువిచ్చి, దానిని ఆగస్టు చివరివరకు పొడిగించినది. ఐనను ఆ గడువుకాలములో వడ్డీ పెరుగుచునే యుండెను. వడ్డీపై వడ్డీ వేయరాదని సుప్రీంకోర్టు 2021 మార్చి 23న తీర్పు చెప్పుచు, వడ్డీని పూర్తిగా మాఫీ చేయుటకు మాత్రము అంగీకరింపలేదు. 2020 మే నెలలో ప్రకటింపబడిన మూడు లక్షల కోట్ల రూపాయల హామీ ఋణపథకము చిన్న పరిశ్రమలకు ఊపిరి పోసినమాట నిజమే. కాని పాత బాకీలో ఇరువది శాతమువరకు కొత్త అప్పు ఇచ్చు ఆ పథకము, అప్పటికే బ్యాంకు అప్పు ఉన్నవారికే అందినది. బ్యాంకు గడప తొక్కక రోజువారీ వడ్డీలతో బ్రతుకు ఈడ్చువానికి అందలేదు. అట్టి వీథి వర్తకులకొరకు 2020 జూన్‌లో వచ్చిన పీఎం స్వనిధి పూచీలేని పదివేల రూపాయల అప్పును, సకాలములో చెల్లించినవారికి ఏడు శాతము వడ్డీ రాయితీని కల్పించినది. ఆంధ్రప్రదేశ్‌లో అదే సంవత్సరము నవంబరులో మొదలైన జగనన్న తోడు ఆ పదివేలను వడ్డీలేని అప్పుగా చేసినది. తోపుడు బండివాడు కూడ బ్యాంకునకు లెక్కలోని మనుష్యుడగుట చిన్న విషయము కాదు. దానిని నేను మనసార గౌరవించుచున్నాను. అయినను ఇవన్నియు అప్పులే. అదే రాష్ట్రములో 2020 జూన్ 10న జగనన్న చేదోడు క్రింద దర్జీలకు, రజకులకు, నాయీబ్రాహ్మణులకు పదివేలు తిరిగి చెల్లింపనక్కరలేని సొమ్ముగా అందినవి. అమెరికాలో, సిబ్బంది జీతములకు వాడినచో మాఫీయగు అప్పులను చిన్న సంస్థలకు ఇచ్చిరి. కావున ఋణభావముతో ఇచ్చుట సాధ్యము కాని పని కాదు; అట్లు ఇచ్చినచోట్లు కలవు.

ఇక్కడ కొన్ని ఆక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. ఎవరి ప్రారబ్ధము వారిదని కొందరందురు. కర్మసిద్ధాంతము తన దుఃఖమును తాను ఓర్చుకొనుటకు చెప్పబడినదే గాని, ఎదుటివాని దుఃఖమునుండి ముఖము త్రిప్పుకొనుటకు కాదు. వాని నష్టము వాని ప్రారబ్ధమైనచో, దానిని తీర్పగల స్థితిలో మనలను ఉంచినది మన ప్రారబ్ధము. దానికి తగిన కర్తవ్యమును చేయకపోవుట మన ఆగామికర్మ. వర్తకుడు కూడ వ్యాధినుండి రక్షింపబడెను గదా అని మరికొందరందురు. నిజమే, అందుచేతనే వాడును తన భాగము భరింపవలెను. భాగము భరించుట వేరు, సర్వమును భరించుట వేరు. ఇంటిలో కూర్చుండి నెలజీతము పుచ్చుకొన్నవానికిని, అంగడి మూసి అద్దె కట్టుకొన్నవానికిని రక్షణ సమానమైనప్పుడు దాని వెల మాత్రము ఏల అసమానము కావలెను? కోశాగారము చాలదన్న ఆక్షేపణ వీనిలో బలమైనది. కాని ఋణవంతుని అశక్తత ఋణమును చెరపదు. సత్యసంధుడు బాకీని ఒప్పుకొని, ఉన్నంతలో కొంచెముగనైన తీర్చును. లేదని చెప్పి తానే అప్పిచ్చినవానివలె ప్రవర్తింపడు.

మహాభారతము శాంతిపర్వములో జాజలి యను తపస్వి కథ కలదు. జటలలో పక్షులు గూడు కట్టుకొనునంత నిశ్చలముగా తపస్సు చేసి, తన అంతటి ధర్మజ్ఞుడు లేడని గర్వించిన ఆ మునిని, వారణాసిలో మూలికలు, సుగంధద్రవ్యములు అమ్ముకొను తులాధారుని యొద్దకు పోయి ధర్మము నేర్చుకొమ్మని దివ్యవాణి పంపినది. సర్వభూతములయందు తన త్రాసు సమముగా నిలుచునని ఆ వర్తకుడు చెప్పిన ధర్మమును ముని వినయముతో విన్నాడు. వ్యాసుడు తత్త్వోపదేశమునకు చక్రవర్తిని గాక, చిన్న అంగడివానిని ఎన్నుకొనుట ఊరక జరిగినది కాదు. న్యాయముగా కొని న్యాయముగా అమ్ముకొనుట ఒక సాధనమార్గమని ఆయన భావము. అట్టి సాధకుని అంగడికి మనమే తాళము వేయించినప్పుడు, సమత్వము చూపవలసిన త్రాసు మన చేతిలోనికి వచ్చినది.

దానమని పేరుపెట్టినను, శ్రద్ధతోను సంకోచముతోను ఇమ్మని తైత్తిరీయోపనిషత్తు విధించినది. ఇవ్వవలసినది గనుక ఇచ్చినదే సాత్త్వికదానమని గీత నిర్ణయించినది. కావున ఏ మార్గమున పోయినను మనము చేరునది కర్తవ్యమునకే. ఇంకొక మహమ్మారి రాదని ఎవరును హామీ ఇవ్వలేరు. అంగళ్లు మూయుమను శాసనములోనే, మూసిన దినములకు ఎవరికి ఎంత, ఏ నిధినుండి, అప్పుగా కాక చెల్లింపుగా అందునో వ్రాసియుండవలెను. అట్టి భాగము లేని నిర్బంధశాసనము సగము ధర్మము మాత్రమే. ప్రభుత్వమువరకు ఏల? మడిగల యజమానులు మూతకాలపు అద్దెను ఇప్పటికిని వాయిదాలుగా వసూలు చేయుచున్నచో దానిని విడిచిపెట్టవలెను; కొనుగోలుదారులమైన మనము, ఆ రోజులలో మనకొరకు మూసికొన్న అంగడిని నేడు తెరచియున్నప్పుడు దాటిపోరాదు. అది దయ కాదు, బాకీ. బాకీ తీర్చుటయే ధర్మము.