కొలిస్తే ప్రేమ తరుగుతుందా?

మొన్న వేసవిలో పదిరోజులు రెడ్డిగూడెంలో అమ్మ దగ్గరున్నాను. మా ఊరంటే మామిడితోటలే. నూజివీడు, తిరువూరు వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నాన్న పోయి ఏడాది దాటింది. ఆయన సొంత కష్టంతో కొన్న తోట ఒకటుంది. మూడెకరాల అరవై సెంట్లని ఆయన ఎప్పుడూ చెబుతూండేవారు. దాన్ని కొలవడానికి సర్వేయరు వస్తున్నాడని తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, నువ్వూ ఉంటే ఓ సంతకం పని కూడా అయిపోతుంది" అన్నాడు.

ఏం సంతకమో వాడు చెప్పలేదు. నేనూ అడగలేదు. మనం అడగం కదా!

సర్వేయరు కుర్రాడి చేతిలో గొలుసు లేదు. ఓ నిలువు కర్రా, దాని తలమీద పుట్టగొడుగులాంటి పరికరమూ ఉన్నాయి. రోవరంటారట. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, నేలమీది కేంద్రం పంపే సవరణతో సరిచూసుకుని, తను నిలబడ్డ చోటుని కొద్ది సెంటీమీటర్ల తేడాలో చెప్పేస్తుంది. మా జిల్లాలోనే, జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో 2020 డిసెంబరు 21న భూముల రీసర్వే ప్రారంభించినప్పుడు ఇలాంటివే, డ్రోన్లతో సహా, రంగంలోకి దించారు. అంత తెలివైన పరికరం కూడా గుబురు చెట్టు కింద తడబడింది. "పైన ఆకు అడ్డమొస్తే దీనికి సరిగా అందదండీ" అంటూ ఆ అబ్బాయి నీడలోంచి ఎండలోకీ, ఎండలోంచి నీడలోకీ తిరుగుతూనే ఉన్నాడు.

మా తాతల నాడు గొలుసే. నూరు లింకులు, అరవైఆరు అడుగులు. పొడవూ వెడల్పూ ఒక్కో గొలుసున్న చదరాలు పది కలిస్తే ఎకరం. ఆ ఎకరంలో నూరో వంతు సెంటు. ఇంకా వెనక్కి వెళితే ఈ దేశాన్ని కొలవడం ప్రాణాలతో పనే. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ దొర మొదలుపెట్టిన పెద్ద సర్వేలో థియోడలైటు ఒక్కటే అరటన్ను తూగేదట. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవులు కొలవడానికి వచ్చిన ఎవరెస్టు దొరా, ఆయన మనుషులూ జ్వరాలతో మంచం పట్టారు. కొందరు లేవనే లేదు. ఆయన పేరు తర్వాత ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి పెట్టారు. గొలుసు మోసి జ్వరంతో పోయినవాళ్ళ పేర్లు ఏ పటంలో ఉన్నాయి?

మీరెప్పుడైనా బత్తాయి తొక్కని చిరగకుండా బల్లమీద చదునుగా పరిచారా? వీలుకాదు. ఎక్కడో చిరగాలి, లేకపోతే సాగాలి. గుండ్రటి భూమిని కాగితం మీద పరిచేవాళ్ళకీ అదే తంటా. 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడలు నడిపేవాళ్ళకి దిక్కు తప్పకుండా పటం గీశాడు. దిక్కు నిలబెట్టడానికి వైశాల్యాన్ని వదులుకున్నాడు. అందుకే ఆ పటంలో గ్రీన్‌లాండూ ఆఫ్రికా అక్కచెల్లెళ్ళలా కనిపిస్తాయి. నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు. దీన్ని మోసమని నేననను. ఏం వదిలేశారో తెలిసి చూసేవాడికి పటం దారి చూపిస్తుంది. తెలియనివాడు మాత్రం గ్రీన్‌లాండు ఖండమంత ఉందనే అనుకుంటాడు.

మన సంసారాలూ ఇలాంటి పటాలే కాదూ! కలిసుండడమనే దిక్కు తప్పకూడదు. దానికోసం ఎవరి వాటానో కుదించి గీస్తాం. అది ఎవరిదో ఎక్కడా రాయం.

సాయంత్రం తమ్ముడు కాగితం తెచ్చాడు. నా హక్కు వదులుకుంటున్నానని అందులో ఉంది. వదులుకునేది ఎంతో లేదు.

"నా వాటా ఎంతరా?" అన్నాను.

వాడి మొహం చిన్నబోయింది. మరదలు కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. "తోడబుట్టినవాడి దగ్గర కొలతలేమిటే?" అంది అమ్మ.

నాన్న వీలునామా రాయలేదు. అలాంటప్పుడు ఆయన స్వార్జితంలో భార్యకీ, కొడుక్కీ, కూతురికీ సమాన వాటా అని 1956 చట్టమే చెప్పింది. పిత్రార్జితంలోనైతే పెళ్ళికాని కూతుళ్ళకి మన రాష్ట్రం 1986లో చట్టం చేసింది, 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ వచ్చింది. ఇవన్నీ నాకు తెలుసు. కానీ తమ్ముడు చెడ్డవాడు కాడు. నాన్నని ఆఖరి రెండేళ్ళూ పసిపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. నేను పండక్కి వచ్చి పళ్ళు తెచ్చాను, అంతే. వాటా అడిగితే పుట్టిల్లు దూరమవుతుందేమోనన్న భయం నాకూ ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు కొలత తేలింది. మూడెకరాల యాభైఒక్క సెంట్లు! నాన్న లెక్కకి తొమ్మిది సెంట్లు తక్కువ. విచిత్రమేమిటంటే, అందువల్ల తోటలో ఒక్క చెట్టూ తగ్గలేదు. నాన్న మీద మాకు గౌరవమూ తగ్గలేదు. అప్పుడు తోచింది నాకు. కొలవకుండా వదిలేసినది దానం కాదు, పోగొట్టుకున్నది. ఎంతో తెలిసి ఇస్తేనే ఇచ్చినట్టు. పుచ్చుకున్నవాడికీ ఎంత పుచ్చుకున్నాడో తెలియాలి. తల్లీ పిల్లా ఒకటైనా నోరూ కడుపూ వేరన్నారు పెద్దలు. అది ప్రేమ లేక అన్న మాట కాదు.

"నా వాటా ఎకరం పదిహేడు సెంట్లు. నాన్నకి నువ్వు చేసినదానికి ఎకరం నీకిస్తున్నానని రాయించు. చిన్నరసం చెట్టున్న మూల పదిహేడు సెంట్లూ నా పేర ఉండనీ" అన్నాను.

వాడు రెండు రోజులు ముభావంగా తిరిగాడు. మూడోనాడు, "సరే అక్కా, అలాగే రాయిద్దాం" అన్నాడు. మనసారా అన్నాడో లేదో ఏ రోవరు చెప్పగలదు? పైన ఏ ఆకు అడ్డముందో! కాయలు దిగాక బుట్ట పంపుతాడా లేదా అని మాత్రం ఎదురుచూస్తాను.

బయల్దేరే ముందురోజు రాత్రి అమ్మా నేనూ వాకిట్లో మంచాలు వేసుకుని పడుకున్నాం. నిద్రపోయిందనుకున్నాను. చీకట్లోంచి మెల్లిగా అడిగింది:

"అమ్మాయీ, మరి నాది ఏ వైపు వస్తుందే?"