మిద్దెకు పిట్టగోడ, బండికి బీమా



మన విచారణల్లో ఎవరైనా కొత్త బండి కొంటే ముందుగా దేవాలయం వాకిటికి తెస్తారు. గురువులు ప్రార్థన చెప్పి తీర్థజలం చల్లుతారు. అద్దానికి జపమాల వేలాడదీస్తారు. మంచి ఆచారమే. అయితే ఆ తర్వాత కొందరు అడిగే మాట ఒకటుంది: "దేవుని చేతుల్లో పెట్టిన బండికి మళ్లీ బీమా ఎందుకు, అది అవిశ్వాసం కాదా?" మరికొందరిది దీనికి పూర్తిగా ఎదురు దారి. షోరూములో చూపిన ప్రతి కాగితం మీదా సంతకం చేసి, ఇక నాకేమీ భయం లేదని గుండె మీద చెయ్యి వేసుకొని నిద్రపోతారు. ఇద్దరి లెక్కా "నా బండి, నా ప్రాణం, నా సొమ్ము" చుట్టూనే తిరుగుతున్నదని నాకు తోస్తుంది.

ఈ లెక్క తేటగా కనబడాలంటే మనకు అందని బండినే ఒకదాన్ని తీసుకొందాం. 2017 నవంబరులో ఇటలీకి చెందిన లంబోర్గినీ కంపెనీ వారు అప్పటి జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారికి తెల్లని స్పోర్ట్స్ కారు ఒకటి బహూకరించారు. ఆయన దానిని ఆశీర్వదించి, ముందుభాగం మీద సంతకం చేసి, తాను వాడుకోకుండా వేలానికి ఇచ్చివేశారు. 2018 మే నెలలో మొనాకోలో అది 7,15,000 యూరోలకు పోయింది. యుద్ధంలో ఇండ్లు వాకిళ్లు కోల్పోయిన ఇరాక్ దేశపు నీనెవె ప్రాంత క్రైస్తవులను తిరిగి నిలబెట్టడం వంటి పనులకు ఆ సొమ్మును ఉద్దేశించారు. అటువంటి కారునే మన హైదరాబాదులో ఒకాయన మూడు కోట్లు పోసి కొన్నాడనుకోండి. దానిని కాపాడుకోవడానికి అతనికి ఏమి ఖర్చవుతుంది?

మొదట కారుకు కలిగే నష్టానికి బీమా. 2007కు ముందు దేశమంతటా ఒకే టారిఫ్ ఉండేది. ఆ రోజుల్లో పెద్ద కొత్త కారుకు విలువలో మూడు శాతం పైచిలుకు కట్టేవారు. ఆ లెక్కన మూడు కోట్ల కారుకు ఏటా తొమ్మిది లక్షల పైమాట. ఇప్పుడు కంపెనీలు ఎవరి రేటు వారు వేసుకొంటున్నాయి, తగ్గింపులూ ఇస్తున్నాయి. అయినా మాట లక్షల్లోనే ఉంటుంది. పైగా కారు ఆరు నెలలు దాటితే విలువలో 15 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం కోసివేస్తారు. పగిలిన ప్లాస్టిక్, రబ్బరు సామానుకు సగమే ఇస్తారు. ఈ రెండవ కోత లేకుండా ఉండాలంటే జీరో డిప్రిసియేషన్ అని మరికొంత సొమ్ము కట్టాలి.

అది అయ్యాక ఎక్స్‌టెండెడ్ వారంటీ. ఇది ప్రమాదాలకు పనికిరాదు. తయారీ లోపం వల్ల గేర్‌బాక్సో, ఎలక్ట్రానిక్ సామానో చెడిపోతే కంపెనీ బాగుచేసి ఇచ్చే గడువును సొమ్ము పెట్టి పొడిగించుకోవడమన్నమాట. టైర్లు, బ్రేకు ప్యాడ్లు అరిగితే అది చెల్లదు. సర్వీసు వారి వర్క్‌షాపులోనే చేయించాలి. బయటి మెకానిక్ చేతిలో పెట్టారా, వారంటీ పోయినట్లే అనుకోవాలి. ఖరీదైన కారుకు ఒక్క గేర్‌బాక్సు ధరే ఒక చిన్న కారు ధరకు మించుతుంది కనుక, ఆ యజమాని ఇదీ కట్టడం బుద్ధిమంతుని పనే. అతన్ని తప్పు పట్టను.

ఇక మిగిలింది థర్డ్ పార్టీ బీమా. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం ఇది లేకుండా ఏ బండీ రోడ్డెక్కరాదు. ఇది కారు కోసమూ కాదు, యజమాని కోసమూ కాదు. ఆ కారు ఎవరిని గుద్దుతుందో వారి కోసం. 2022 జూన్ 1 నుండి అమలైన ప్రభుత్వ రేట్ల ప్రకారం 1500 సి.సి. దాటిన సొంత కారుకు ఏడాదికి 7,897 రూపాయలు, పన్ను అదనం. ఆ రేట్ల పట్టికలో మూడు కోట్ల లంబోర్గినీకి ఎంతో, మన పక్కింటి పాత ఇన్నోవాకూ అంతే.

ఇదేమి లెక్క అంటారా? కారు ధర పెరిగిందని దాని కింద పడిన మనిషి ప్రాణం ధర పెరగదు గదా. మరణానికి, గాయాలకు ఈ పాలసీలో పై పరిమితి లేదు. ట్రిబ్యునల్ ఎంతని తీర్పు చెబితే అంతా కంపెనీ కట్టవలసిందే. ఇతరుల ఆస్తి నష్టానికి మాత్రం కారు విషయంలో ఏడున్నర లక్షల హద్దు ఉంది. తన ఇనుముకు లక్షలు, తోటి మనిషికి ఎనిమిది వేలు. అయినా ప్రతి ఏడూ సణుగుతూ కట్టేది, గడువు దాటినా ఊరుకునేది ఆ ఎనిమిది వేల దగ్గరే.

ఒక సంగతి మాత్రం చెప్పక తప్పదు. పరిహారాన్ని చట్టం లెక్కగట్టే తీరు నాకు పూర్తిగా రుచించదు. 2009లో సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో స్థిరపరచిన పద్ధతి ప్రకారం చనిపోయిన వాని సంపాదనను బట్టి, వయసును బట్టి లెక్క కడతారు. అంటే అధికారి ప్రాణానికి ఒక మొత్తం, పత్తి ఏరే తల్లి ప్రాణానికి మరొక మొత్తం. కుటుంబానికి పోయిన ఆదాయాన్ని పూడ్చడమే దాని ఉద్దేశమని న్యాయవాదులు చెబుతారు. నిజమే కావచ్చు. దేవుని సన్నిధిలో మాత్రం ఆ లెక్క నిలవదు.

పవిత్ర గ్రంథంలో ఇన్సూరెన్సు కంపెనీలు లేవు గాని, ఈ సంగతి ఉంది. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం చూడండి. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఎవరైనా పైనుండి పడి చస్తే ఆ రక్తదోషం ఇంటి మీదికి రాకుండా. ఆ గోడ ఇంటికి అందం కోసం కాదు, దొంగల కోసమూ కాదు. మిద్దెక్కిన పరాయివాని కోసం. దానికి ఇటుక, సున్నం ఖర్చు ఇంటివాడిదే. నిర్గమకాండం 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు సంగతి కూడా అటువంటిదే. పొడుస్తుందని తెలిసీ కట్టివేయని యజమాని తప్పించుకోలేడు. పిట్టగోడ కట్టిన యిస్రాయేలీయుణ్ణి ఎవరైనా అవిశ్వాసి అన్నారా? కనుక బీమా అవిశ్వాసమా అని అడిగే సహోదరులకు నా జవాబు ఇదే. మీ బండికి సొంత బీమా చేయించకుండా దేవునికి వదిలేస్తారా, అది మీ ఇష్టం. పొరుగువాని ప్రాణాన్ని మీ విశ్వాసం పేరిట పణంగా పెట్టే హక్కు మీకు లేదు.

దేవరకొండ వాసులకు ఇది పుస్తకాల ముచ్చట కాదు. 2018 ఏప్రిల్ 6న పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరపతోట పనికి కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు ఏఎంఆర్ కాలువలో పడి తొమ్మిదిమంది ప్రాణాలు పోయాయి. 2021 జనవరి 21న సాగర్ రోడ్డు మీద అంగడిపేట వద్ద, పని నుండి ఇంటికి మళ్లిన దేవరకొండ మండలపు కూలీల ఆటోను లారీ ఢీకొన్నది. అప్పుడూ తొమ్మిదిమందే. మన తండాల వాళ్లు, మన వాడల వాళ్లు. హైదరాబాదు నుండి మాల్, చింతపల్లి, మల్లేపల్లి మీదుగా సాగర్‌కు శరవేగంతో పోయే కార్లకు పక్కన, ట్రాలీలో నిలబడి పనికి పోయేది వీళ్లే. రైతు సోదరులు ఒకటి గుర్తుంచుకోవాలి. వ్యవసాయ పనికని బీమా చేసిన ట్రాక్టరు ట్రాలీలో మనుషులను ఎక్కిస్తే, వారి పరిహారం భారం బీమా కంపెనీ మీద ఉండదని కోర్టులు చెప్పాయి. కాగితం ఉండీ లేనట్టే అవుతుంది.

స్పోర్ట్స్ కారు మన ఊళ్లో లేకపోవచ్చు. స్పోర్ట్స్ బైకు మాత్రం ఇంటింటికీ వస్తున్నది. హైదరాబాదులో ఉద్యోగమో చదువో ఉన్న కొడుకు రెండు వందల సి.సి. బండి కావాలంటాడు. తండ్రి కాదనలేడు. 2018 సెప్టెంబరు 1 నుండి సుప్రీంకోర్టు ఆదేశం మేరకు కొత్త బైకుకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా కొనేటప్పుడే కట్టాలి గనుక ఆ అయిదేళ్లు గండం గడుస్తుంది. ఆరవ ఏటనే అసలు పరీక్ష. పై 2022 రేట్లలో 150 సి.సి. దాటి 350 లోపు బండికి ఏడాదికి 1,366 రూపాయలు, 75 నుండి 150 లోపు దానికి 714. కొత్త సైలెన్సరుకు, స్టిక్కర్లకు, సీటు కవరుకు పెట్టిన డబ్బులో ఇది ఎన్నో వంతో మీ అబ్బాయినే అడగండి. సెకండ్ హ్యాండు బండ్ల సంగతి మరీ అధ్వాన్నం. చేతులు మారిన కొద్దీ కాగితాలు ఎవరి పెట్టెలో ఉన్నాయో ఎవరికీ తెలియదు.

ఆటో నడుపుకొని బతికేవానికి ప్రీమియం భారమే. అతన్ని గద్దించడం కంటే, విచారణలోని విన్సెంట్ డి పాల్ సంఘం గడువు నెలలో కొంత అప్పుగా సర్దితే మేలు.

ఇక కట్టిన వాళ్లతో ఒక మాట. "బీమా ఉంది గదా" అన్న ధైర్యం కాలి కింద ఎక్సలరేటరు మీదికి దిగడం మనం చూస్తూనే ఉన్నాం. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2290వ అంశంలో, తాగిన మైకంలోనో వేగం మీది మోజుతోనో తన ప్రాణాన్నీ ఇతరుల ప్రాణాన్నీ అపాయంలో పడవేసేవాడు ఘోరమైన దోషం మూటగట్టుకొంటాడని బోధిస్తుంది. వేగాన్ని తాగుడు పక్కనే నిలబెట్టింది, గమనించారా? 2007లో వాటికన్ వారు రోడ్డు మీద పాటించవలసిన పది ఆజ్ఞలను ప్రకటించినప్పుడు కూడా కారును అధికార దర్పానికి గుర్తుగా చేసుకోవద్దని, రోడ్డు మీద బలహీనుణ్ణి కాపాడమని చెప్పారు. పాపసంకీర్తనంలో ఈ పాపాలు చెప్పుకొనేవారు ఎంతమంది ఉంటారో మరి.

లూకా సువార్త 10వ అధ్యాయంలోని సమరీయుడు సత్రంవానికి రెండు దీనారాలు ఇచ్చి ఊరుకోలేదు. ఇంకా ఏమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. దెబ్బ కొట్టింది అతను కాదు. అయినా హద్దు లేని బాధ్యత నెత్తిన వేసుకొన్నాడు. దెబ్బ కొట్టిన మనమేమో "కంపెనీ చూసుకొంటుంది" అని ఆసుపత్రి వైపు తొంగి చూడము. కంపెనీ డబ్బు కడుతుంది. మంచం పక్కన కూర్చోవడం కంపెనీ పని కాదు.

ప్రమాదం జరిగిన కుటుంబాలు మన విచారణల్లో ఉంటే పెద్దలు ఈ సాయం చేయండి. ఢీకొన్న బండి నంబరు రాసుకొని, ఎఫ్ఐఆర్ నకలు తీసుకోండి. నంబరు ఉంటే ఎంపరివాహన్ యాప్‌లో బీమా గడువు కనబడుతుంది. ట్రిబ్యునల్‌లో కేసు వేయడానికి 2022 ఏప్రిల్ 1 నుండి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు గనుక కర్మలు, మాసికాలు అయ్యాక చూద్దామని జాప్యం చేయవద్దు. గుద్దిన బండి ఏదో తెలియకుండా పారిపోతే, అదే తేదీ నుండి అమలైన పథకం కింద మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు ఇస్తారు. దానికి దరఖాస్తు రెవెన్యూ డివిజన్ అధికారి దగ్గర పెట్టాలి. దేవరకొండ వారికి ఆ ఆఫీసు ఊళ్లోనే ఉంది.