చాటుగా విన్న పాట

అభిరుచికి మర్యాద అవసరమే. కాని ఆ మర్యాద కొఱకు అసత్యమాడవచ్చునా? ఈ ప్రశ్న నన్ను చిరకాలముగా బాధించుచున్నది.

బరంపురములో మా యింట త్యాగరాజ కృతులకు గౌరవము. క్లబ్బు పాటలకు నిషేధము. 1973లో విడుదలైన ‘దేవుడు చేసిన మనుషులు’ చిత్రములో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన పాటను, నేను రాత్రివేళ ట్రాన్సిస్టరు ధ్వని తగ్గించి, చెవి యానించి వినెడివాడను. ఒకనాడు తమ్ముడు దానినే కూనిరాగము తీయగా నాన్నగారు మందలించిరి. నేనును వంత పాడి, “ఛీ, అవేమి పాటలురా!” అంటిని. వాడు తలవంచుకొనెను. ఆ పాట వాడు నేర్చినది నా ప్రక్కన పరుండియే.

ఇట్టి సంకోచము ప్రభుత్వమునకును కలిగినది. 1952లో సమాచార మంత్రియైన కేస్కరు గారు ఆకాశవాణిలో సినిమా పాటలకు అడ్డుకట్ట వేయగా, శ్రోతలు సిలోను రేడియోకు మరలిరి. తుదకు 1957లో వివిధభారతి వెలసినది.

ఒడియా బడులలో చదివిన మావంటి వారి నాలుకపై తెలుగు నిలుచుటకు ఆ పాటలును కొంత తోడ్పడినవి. అంతమాత్రమున అవి కృతులకు సమానమని వాదింపను. అల్పమైన దానిని ప్రేమించుట దోషము కాదు. తాను ప్రేమించిన దానికే మరియొకని సిగ్గుపరచుట దోషము. ఈ మాట తమ్మునితో ఒప్పుకొనుటకు నాకు నలువదేండ్లు పట్టినది.

నేటి పిల్లలు వినునవి మనకు రుచింపకపోవచ్చును. వారిని మందలించుటకు ముందు, మనము చాటుగా విన్న పాట నొకసారి స్మరించుకొందము.