గులాబీ రంగు హెల్మెట్

మెల్‌బోర్న్‌లో ఆగస్టు అంటే చలికాలం చివర. స్త్రీల ఫుటీ కొత్త సీజన్ మొదలయ్యేది అప్పుడే. ఫుటీ అనేది ఇక్కడివాళ్ళు ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌కి పెట్టుకున్న ముద్దుపేరు. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, రగ్బీ కూడా కాదు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, కోలగా ఉండే పెద్ద మైదానం, రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. బంతిని తన్నవచ్చు, పిడికిలితో కొట్టి అందించవచ్చు, పట్టుకుని పరిగెత్తవచ్చు. అలా పరిగెత్తే మనిషిని ఎదుటి జట్టువాళ్ళు ఒడిసిపట్టుకుని కింద పడెయ్యవచ్చు. దాన్ని టాకిల్ అంటారు. నేను చాలాకాలంగా తేల్చుకోలేకపోతున్న ప్రశ్నంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతోంది.

మేము వెర్రిబీ వైపు ఉంటాం. రైల్లో ఫుట్‌స్క్రే దాకా వచ్చి, అక్కడ బండి మారి, విటెన్ ఓవల్‌కి నడిచిపోతాం. వెస్టర్న్ బుల్‌డాగ్స్ అమ్మాయిల సొంత మైదానం అది. ఎరుపు, తెలుపు, నీలం కండువాలు. కుర్చీల్లో కూర్చునేవాళ్ళకంటే కంచె పట్టుకుని నిలబడేవాళ్ళే ఎక్కువ. థర్మాస్ ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర తీసుకెళతాం. పురుషుల మ్యాచ్‌లకి వెళితే ఆటగాళ్ళు చీమల్లా కనిపిస్తారు. ఇక్కడ ఊపిరి కూడా వినిపిస్తుంది. ఒకమ్మాయి ఇంకొకమ్మాయిని పడేసినప్పుడు వచ్చే చప్పుడు, గింజల బస్తా బండిమీంచి నేలమీద పడ్డట్టు ఉంటుంది. ఆ చప్పుడికి అందరం ఒక్కసారిగా అరుస్తాం. నేనూ అరుస్తాను. గొంతు పోయేలా అరుస్తాను.

ఎందుకంత ఆనందం? నా మటుకు నాకు సమాధానం తెలుసు. ఎనిమిదో తరగతిలో నేను కబడ్డీ ఆడేదాన్ని. పట్టు బాగా పడతానని పేరుండేది. ఒకరోజు మోచెయ్యి చెక్కుకుపోయి ఇంటికొస్తే మా నాయనమ్మ చూసి, "కాలో చెయ్యో వంకరపోతే రేపు దీన్ని ఎవడికి కట్టబెడతార్రా?" అని మా నాన్నని నిలదీసింది. అంతటితో నా ఆట అయిపోయింది. ఆ మోచెయ్యి నాది కాదు, ఇంకా ముఖం కూడా తెలియని ఎవరిదో అని ఆ రోజు నాకు తెలిసింది. విటెన్ ఓవల్ కంచె దగ్గర, మోకాళ్ళనిండా బురదతో, దవడ మీద కమిలిన మచ్చతో నవ్వుతూ లేచే అమ్మాయిని చూస్తే, ఆ శరీరం ఆమె సొంతమని అనిపిస్తుంది. దెబ్బతో సహా సొంతం.

ఇక్కడా మా నాయనమ్మలు ఉన్నారు మరి. 2017 వరకూ ఈ దేశంలో స్త్రీలకి జాతీయ స్థాయి ఫుటీ లీగ్ లేదు. అంతకుముందు ఆడలేదని కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలోనే పెర్త్‌లో దుకాణాల్లో పనిచేసే స్త్రీలు జట్లు కట్టి ఆడారు. విక్టోరియాలో 1981 నుంచి స్త్రీల లీగ్ నడిచింది. కానీ అబ్బాయిలతో కలిసి ఆడుతూ పెరిగిన ఆడపిల్లని పన్నెండేళ్ళు దాటగానే పొమ్మనేవారు. ముగ్గురు అమ్మాయిలు దీనిమీద విక్టోరియా ట్రిబ్యునల్‌కి వెళ్ళారు. 2004లో తీర్పు వచ్చింది. పద్నాలుగేళ్ళలోపు ఆడపిల్లలని ఆపడానికి లేదు, ఆ పైన శరీరబలంలో తేడా ఉంది కాబట్టి ఆపవచ్చు అని దాని సారం. అంటే సగం గెలుపు. ఆ ముగ్గురిలో ఒకరైన పెనీ కులా-రీడ్ 2017లో కాలింగ్‌వుడ్ తరఫున మైదానంలోకి దిగింది.

ఆ మొదటి మ్యాచ్ 2017 ఫిబ్రవరి 3న. కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ జట్ల మధ్య, ప్రిన్సెస్ పార్కులో. ప్రవేశం ఉచితం. 24,568 మంది లోపలికి వెళ్ళాక గేట్లు మూసేశారు. మేము బయట ఉండిపోయినవాళ్ళలో ఉన్నాం. మా అమ్మాయికి అప్పుడు అయిదేళ్ళు, వాళ్ళ నాన్న భుజాలమీద కూర్చుని ఉంది. లోపల డార్సీ వెసియో నాలుగు గోల్స్ కొట్టింది. మాకు గోల్ కనపడలేదు, కేక మాత్రం వినపడింది. స్త్రీల ఆట చూడటానికి చోటు చాలకపోవడం అనే అనుభవం నా జీవితంలో అదే మొదటిసారి. ఇల్లు చేరేదాకా ఎందుకో ఏడుస్తూనే ఉన్నాను.

ఆ అమ్మాయికి కిందటేడు పదమూడు. మా పేటలో ఆడపిల్లల జట్టులో ఆడుతుంది. జూలైలో ఒక మ్యాచ్‌లో టాకిల్‌లో కిందపడి తల నేలకి కొట్టుకుంది. లేచింది, నడిచింది. కార్లో కూర్చున్నాక, "అమ్మా, మనం ఏ మైదానంలో ఆడాం?" అని అడిగింది. మళ్ళీ రెండు నిమిషాల తర్వాత అదే ప్రశ్న. డాక్టరు కంకషన్ అన్నారు. ఇప్పటి నియమం ప్రకారం పేటల్లో ఆడే పిల్లలు కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదు. తెనాలి నుంచి మా అమ్మ ఫోన్లో, "ఎముకలు విరగ్గొట్టుకోవడానికి అంత దూరం వెళ్ళారటే?" అంది. నాకు కోపం వచ్చింది. ఫోన్ పెట్టేశాక, ఆ కోపంలో ఎంత భాగం అమ్మ మీదో, ఎంత భాగం ఆ మాటే నా నోటిదాకా వచ్చి ఆగినందుకో తేల్చుకోలేకపోయాను.

తర్వాతి నెలలో బుల్‌డాగ్స్ కొత్త సీజన్ మొదలైంది. ఎప్పటిలాగే వెళ్ళాం. కానీ ఆ గింజల బస్తా చప్పుడు నాకు ఇదివరకటిలా వినిపించలేదు.

ఇక్కడ హెదర్ ఆండర్సన్ గురించి చెప్పాలి. 2017లో మొట్టమొదటి ట్రోఫీ గెలిచిన ఆడిలైడ్ జట్టులో ఆమె ఒకరు. వృత్తిరీత్యా సైన్యంలో వైద్య సహాయకురాలు. మైదానంలో మెరిసిపోయే గులాబీ రంగు హెల్మెట్ పెట్టుకునేది. వాళ్ళమ్మకి చూపు సరిగా ఆనదు. అంతమందిలో తన కూతురెవరో పోల్చుకోవడానికి ఆ రంగు. భుజం గాయంతో ఆ స్థాయి ఆట ఆ ఏడాదితోనే ఆగిపోయింది. 2022 నవంబరులో, 28 ఏళ్ళ వయసులో, ఆమె చనిపోయింది. కుటుంబం ఆమె మెదడుని పరిశోధనకి ఇచ్చింది. పదేపదే తలకి తగిలే దెబ్బలతో ముడిపడ్డ సీటీఈ అనే మెదడు జబ్బు అందులో కనపడిందని 2023 జూలైలో పరిశోధకులు ప్రకటించారు. ప్రొఫెషనల్ క్రీడాకారిణిలో ఆ జబ్బుని గుర్తించడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆమె చావుకి ఇదే కారణమని అనడానికి లేదు, నేను అనను కూడా. ఆమె చిన్నప్పటినుంచీ ఒళ్ళు తగిలే ఆటలే ఆడింది. పైస్థాయిలో ఆడిన ఆ కొద్ది మ్యాచ్‌లే అన్నిటికీ మూలమనడమూ న్యాయం కాదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ హెల్మెట్ చర్మం చిట్లకుండా కాపాడగలదు, పుర్రె లోపల మెదడు అదరడాన్ని ఆపలేదు.

కూతురు కనపడటానికి వేసుకున్న రంగు అది. నేను ఎన్నో మ్యాచ్‌లు చూశాను. నాకేమి కనపడింది?

చూపు గురించి మనం చాలా రాసుకున్నాం. స్త్రీని చూసే మగచూపు గురించి స్త్రీవాదులం రాయని పత్రిక లేదు. ఈ ఆటలోనూ ఆ కథ ఉంది. 2019 మార్చిలో తేలా హారిస్ బంతిని తన్నినప్పుడు కాలు గాలిలో నిటారుగా లేచిన ఫొటో ఒకటి వచ్చింది. దానికింద వచ్చిన అసభ్యమైన రాతలకి భయపడి ఒక టీవీ చానల్ ఫొటోనే తీసేసింది. జనం మండిపడ్డాక మళ్ళీ పెట్టింది. ఆ సెప్టెంబరుకల్లా ఫెడరేషన్ స్క్వేర్‌లో ఆ భంగిమలోనే కంచు విగ్రహం వెలిసింది. మేమందరం వెళ్ళి దానిపక్కన ఫొటోలు దిగాం. ఆ చూపుని ఓడించాం అనుకున్నాం. మరి మా చూపు? మంచి మనసుతో, ఉద్యమ స్ఫూర్తితో, కంచె పట్టుకుని చూసే అభిమాని చూపు ఆ శరీరాన్ని ఏం అడుగుతోంది?

చాలానే అడుగుతోంది. 2018 సీజన్ ఆరంభంలో గోల్స్ తక్కువ పడి ఆట గుంపులుగుంపులుగా సాగిందని, చూసేవాళ్ళకి ఇంపుగా ఆడించండని కోచ్‌లకి పైనుంచి ఉత్తరం వెళ్ళింది. అప్పుడు మేము నవ్వుకున్నాం. కానీ ఆ ఉత్తరం మాలాంటివాళ్ళ పెదవి విరుపు నుంచే పుట్టింది. పురుషుల్లా గట్టిగా ఆడట్లేదని ఎవరైనా అంటే, వాళ్ళకి జవాబుగా మేము చూపించేది టాకిల్స్‌నే. ఇదిగో చూడండి, ఎలా గుద్దుకుంటున్నారో! మా వాదనకి సాక్ష్యం వాళ్ళ పక్కటెముకలు. 2019 ఫైనల్‌లో ఆడిలైడ్ ఓవల్‌లో 53,034 మంది మధ్య ఎరిన్ ఫిలిప్స్ మోకాలి స్నాయువు తెగి స్ట్రెచర్ మీద వెళుతుంటే జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. టీవీ ముందు నేనూ కొట్టాను. దేనికి కొట్టాను? ఆమె ఆటకా, ఆమె నొప్పికా, లేక ఆ నొప్పి మమ్మల్ని చివరికి పురుషులతో సమానంగా పెద్దవాళ్ళని చేసినందుకా?

సిడ్నీలోనే 2000లో కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చినప్పుడు మా హాస్టల్లో తీన్‌మార్ ఆడాం. ఆ బరువు కింద ఆమె నడుం ఏమైందని మాలో ఒక్కరం అనుకోలేదు. అది మా గెలుపు కదా, నడుం మటుకు ఆమెది.

"ఆమె ఎంచుకుంది" అనే జవాబు ఒకటుంది. తేలికైన జవాబు. ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు ధర గురించి కూడా మాట్లాడాలి. 2017లో ఎక్కువమంది ఆటగత్తెలకి సీజన్ మొత్తానికి వచ్చింది 8,500 డాలర్ల చిల్లర. పగలు బడిలోనో ఆసుపత్రిలోనో పని, సాయంత్రం ప్రాక్టీసు. 2023లో పురుషులకీ స్త్రీలకీ కలిపి మొదటిసారి ఒకే ఒప్పందం కుదిరి, ఏడాది పొడుగూ ఉండే కాంట్రాక్టులు వచ్చాయి, జీతాలు పెరిగాయి. మంచిదే. కానీ ఆరేళ్ళపాటు ఆ దెబ్బలు చవగ్గా దొరికాయి. మేమేమో ప్రవేశం ఉచితమని మురిసిపోయాం.

కంచె దగ్గర మా పక్కన ఎప్పుడూ ఒక పెద్దావిడ నిలబడుతుంది. డెబ్భై దాటి ఉంటాయి. పాత లీగ్‌లో ఆడిన మనిషి. ఎవరికీ అక్కర్లేని మైదానాలు తమకిచ్చేవారని, చందాలు తామే వేసుకునేవాళ్ళమని చెబుతుంటుంది. మా అమ్మాయి దెబ్బ సంగతి, హెదర్ సంగతి కలిపి ఆమెతో అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దెబ్బ తగులుతుందనే కదమ్మా మమ్మల్ని నలభై ఏళ్ళు ఆపారు. ఇప్పుడు ఆ మాట నన్నే అనమంటావా?" అంది.

అదే అసలు చిక్కు. మా నాయనమ్మ మాటా, నా భయమూ వాక్యాల్లో ఒక్కలాగే ఉంటాయి. దెబ్బ తగులుతుంది. ఆమె అన్నది నన్ను ఇంట్లో ఉంచడానికి. నేను అనదలుచుకున్నది ఆ అమ్మాయిలు ఇంకా చాలా ఏళ్ళు ఆడటానికి. కానీ మైకు పట్టుకుని ఆ వాక్యం అంటే, వెంటనే ఎగిరి అందుకునేది నాయనమ్మ వారసులే. చూశారా, మేము ముందే చెప్పాం అంటారు. ఆ భయంతో మేము నోరు మూసుకుంటే ఆ మౌనానికి మూల్యం ఇచ్చేది మైదానంలో ఉన్నవాళ్ళు. శత్రువు వింటాడని ఇంట్లో జబ్బు దాచుకునే అలవాటు మన ఉద్యమాలన్నిటికీ ఉంది. నేను ఇంత కాలం ఇది రాయకపోవడానికి కారణం కూడా అదే. పెద్దావిడతో నేను ఏకీభవించను. ఆ మాట అనవలసింది ఆమే, ఆడిన మనిషి కాబట్టి. కానీ ఆమె చేత అనిపించే హక్కు నాకు లేదు.

మగపిల్లల దెబ్బల గురించి ఎందుకు రాయవు అని మా ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. వాళ్ళ దెబ్బలని వందేళ్ళకు పైగా పౌరుషమని పిలిచారు. మేము పోరాడి తెచ్చుకున్న సమానత్వంలో ఆ పౌరుషం కూడా ఏ సవరణా లేకుండా వచ్చి చేరింది. దాన్ని మేము వాపసు ఇవ్వవచ్చునని ఎవరికీ తోచలేదు.

మా అమ్మాయి మాత్రం ఈ చర్చల్లో లేదు. 21 రోజులూ క్యాలెండర్‌లో కొట్టేసుకుంటూ కూర్చుంది. వచ్చే సీజన్ ఫారం మీద సంతకం అడుగుతోంది. "నువ్వు కబడ్డీ మానేసినందుకు ఇప్పటికీ ఏడుస్తావు కదా" అంటుంది. నా దగ్గర సమాధానం లేదు. ఫారం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది.

కిందటి సీజన్లోనే ఇంకో మ్యాచ్. మూడో క్వార్టర్లో మా కంచెకి పది గజాల దూరంలో ఎదుటి జట్టమ్మాయి ఒకతె బంతికోసం వంగింది. మావాళ్ళ మోకాలు ఆమె చెంపకి తగిలింది. ఆట ఆగలేదు. బంతి అవతలి చివరికి వెళ్ళిపోయింది, జనం తలలన్నీ బంతితోపాటు అటు తిరిగాయి. ఆ అమ్మాయి చేతులమీద లేవబోయి మళ్ళీ కూర్చుంది. సహాయకులు పరిగెత్తుకొచ్చారు. వేళ్ళు చూపించి ఏదో అడుగుతున్నారు. నా పక్కన పెద్దావిడ కంచె మీద రెండు చేతులూ బిగించి ఆమెనే చూస్తోంది. మా అమ్మాయి కూడా. అవతల పెద్ద కేక లేచింది. మాకు గోల్ వచ్చిందని ఆ కేకని బట్టే తెలిసింది.